రాగిజావ తాగితే 236

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగిజావ తాగి, రెండు గంటలయ్యాక వేలికి సూది పొడుచుకుని చూస్తే షుగర్ 236 వచ్చింది. మిషన్ పాడైందనుకున్నాను. మర్నాడు మళ్ళీ జావే, మళ్ళీ 229. ఇడ్లీలు మానేసి, నోరు కట్టేసుకుని, మజ్జిగ కలుపుకుని మరీ తాగిన జావ ఇది! అంతకు ముందు వారం మూడు ఇడ్లీలు చట్నీతో తింటే 210 కూడా దాటలేదు.

షుగర్ ఉందని తెలిసి అప్పటికి నెల కూడా కాలేదు. అదీ కళ్ళజోడు మార్చుకుందామని వెళితే బయటపడింది. నేను విజయవాడలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. బోర్డు మీద నేను రాసిన అంకెలే నాకు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంటే, నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి కదా, అద్దాల నంబరు మారి ఉంటుందనుకున్నాను. కళ్ళ డాక్టరు గారు రెండు మూడు ప్రశ్నలడిగి, "ముందు షుగర్ చూపించుకోండమ్మా, అది దిగేదాకా అద్దాలు రాయను" అన్నారు. చక్కెర ఎక్కువైతే కంట్లో లెన్సు ఉబ్బి చూపు మారుతుందట. పరగడుపున 198, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. షుగర్ అని తేల్చే గీత 6.5 దగ్గరే ఉందంటే నేను దాన్ని దాటి ఎంత దూరం వచ్చేశానో చూడండి.

జావ సంగతికొస్తే, తప్పు దానిది కాదు. రాగుల్లోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, బియ్యం కన్నా కాస్త తక్కువ, అంతే. దాన్ని మెత్తగా పిండి పట్టించి, నీళ్ళలో ఉడికించి, నమిలే పని కూడా లేకుండా గటగటా తాగేస్తే ఇంక అరగడానికి ఏముంటుంది? "రాగులు షుగర్‌కి మంచివి" అని చెప్పినవాళ్ళెవరూ ఎంత తినాలో, దేంతో తినాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు సంగటి కమలాపండంత ముద్ద పెట్టుకుని, ఆకుకూర పప్పుతోనో కోడికూరతోనో తింటే 160 దగ్గర ఆగుతోంది. పొద్దున మాత్రం పెసరట్లు, ఉప్మా లేకుండా రెండు, బెల్లం వేయని అల్లం పచ్చడితో. 150 లోపే ఉంటోంది. ఇవన్నీ నా ఒంటి లెక్కలు, మీ ఒంటికి ఇలాగే రావాలని లేదు. మీరే కొలుచుకోవాలి.

అసలు గొడవంతా అన్నంతోనే. ఒక ఆదివారం, వంటింట్లో కేకు కోసం కొన్న తూకం మిషన్ మీద నేను రోజూ తినేంత అన్నం పెట్టి చూశాను. 430 గ్రాములు. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, అంటే ఒక్క పూటకి 120 గ్రాములు. లెక్కల టీచర్ని అయ్యుండి ఇన్నేళ్ళూ ఈ గుణకారం చెయ్యలేదు! మన భోజనంలో ఉన్న చిక్కేంటంటే ప్రతిదానికీ మళ్ళీ అన్నం కావాలి. పప్పులోకి ఇంత, కూరలోకి ఇంత, చారులోకి ఇంత, చివర పెరుగన్నం తినకపోతే భోంచేసినట్టే ఉండదు. ఒక్కోసారి హస్తంతో కొంచెమే పెట్టుకున్నా నాలుగుసార్లు పెట్టుకుంటాం. అందుకని కొంచెం తగ్గించుకుందాం అనుకుంటే కుదరలేదు, ఏకంగా రెండు వాయిదాలు ఎత్తేశాను. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. పెరుగు దోసకాయ ముక్కలు వేసుకుని ఉత్తదే తింటాను. ముందు కూర, పప్పు సగం పైగా తినేసి, ఆ తర్వాత 150 గ్రాముల అన్నం. అదే అన్నం ముందు తిన్న రోజుకీ చివర్లో తిన్న రోజుకీ మిషన్‌లో 30, 40 తేడా కనిపించింది. మొదటి పది రోజులు మా అత్తయ్యగారు "ఇదేం తిండే, కూరతో కడుపు నింపుకుంటారా ఎవరైనా" అని నా కంచం వంకే చూసేవారు. ఇప్పుడు ఆవిడా చారు గ్లాసులోనే తాగుతున్నారు, అది మోకాళ్ళకి మంచిదని!

నడక గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పొద్దున్నే కాలువ గట్టు మీద గంట నడుద్దామని షూస్ కొన్నాను, వారం నడిచాను, ఎండలొచ్చాయి, మానేశాను. నిలిచింది మాత్రం రాత్రి తిన్న వెంటనే మేడ మీద పదిహేను నిమిషాలు. నడిచేటప్పుడు తొడలు, పిక్కల కండలు ఆ చక్కెరని వాడేసుకుంటాయి, ఇన్సులిన్ మీద కూడా అంత భారం పడదు. నడిచిన రాత్రి 150, సీరియల్ ముందు కూర్చున్న రాత్రి 190. తిండి రెండు రోజులూ ఒకటే.

మాత్రల దగ్గరే నేను బోల్తా పడ్డాను. మెట్‌ఫార్మిన్ 500, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక వేసుకోమన్నారు. మొదట్లో కడుపు ఒకటే గడబిడ, రెండో పీరియడ్ మధ్యలో పిల్లలకి లెక్క ఇచ్చి పరిగెత్తిన రోజులున్నాయి. డాక్టరు గారికి చెబితే నెమ్మదిగా కరిగే రకం రాశారు, సర్దుకుంది. (చాలామంది ఇక్కడే చెప్పకుండా మానేస్తారు. చెప్పండి, మార్చి ఇస్తారు.) జులైకి హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చింది. ఇంకేం, తగ్గిపోయిందనుకున్నాను. "ఒకసారి మొదలెడితే జీవితాంతం మింగాలి, కిడ్నీలు పోతాయి" అని మా వదిన ఫోన్ చేసిన ప్రతిసారీ అంటూనే ఉంది, నాకూ అదే వినాలనిపించింది. మాత్రలు ఆపేసి, పొద్దున్నే నానబెట్టిన మెంతులు, గ్లాసుడు కాకరకాయ రసం మొదలుపెట్టాను. కాకరకాయ రసం తాగడం చిన్న విషయం కాదండీ, ఆ చేదుకే షుగర్ పారిపోవాలి. సెప్టెంబరు ఆఖరికి పరగడుపున 186, హెచ్‌బీఏ1సీ 8.1. డాక్టరు గారు కాగితం చూసి, "ఆ 6.6 మీదొక్కరిదే అనుకున్నారా? అందులో సగం మాత్రది" అన్నారు. రాత్రి ఏమీ తినకపోయినా తెల్లారేసరికి షుగర్ ఎందుకు పెరుగుతుందో కూడా అప్పుడే చెప్పారు. తెల్లవారుజామున లివర్ తనంతట తనే చక్కెర వదులుతుంది, మెట్‌ఫార్మిన్ ఎక్కువగా పని చేసేది అక్కడే. కిడ్నీలు పాడయ్యేది షుగర్ వల్ల. కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే మాత్రం ఈ మాత్ర డోసు తగ్గించాలి, బాగా దెబ్బతింటే ఆపేయాలి, అందుకే ఏడాదికోసారి రక్తం, యూరిన్ టెస్టులు. దాంతోపాటే కంటి రెటీనా, పాదాలు, బీ12 కూడా చూపించుకోమన్నారు. ఏళ్ళ తరబడి ఈ మాత్ర వాడితే బీ12 తగ్గొచ్చట.

ఆ రోజే గ్లిమిపిరైడ్ అని ఇంకో చిన్న మాత్ర కలిపారు. ఇది వేసుకుంటే తిండి మానకూడదని చెప్పారు కూడా. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, చుక్కలు చూశాకే భోజనం అనుకుని, పొద్దున అలవాటుగా ఆ మాత్ర మింగేశాను. నాలుగో పీరియడ్‌లో చేతిలో సుద్దముక్క వణకడం మొదలైంది. ఎనిమిదో తరగతికి వృత్తం గీస్తుంటే గీత వంకర్లు పోతోంది. ఒళ్ళంతా చల్లటి చెమట, కారణం లేకుండా భయం, పిల్లలు ఏదో అడుగుతుంటే మాటలు వినపడుతున్నాయి గానీ అర్థం కావట్లేదు. స్టాఫ్ రూముకి చేరి చూసుకుంటే షుగర్ 58కి పడిపోయింది. మా ఆయమ్మ టీ కోసం పెట్టిన పంచదార మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించింది, పదిహేను నిమిషాలకి 84. అప్పుడు కూర్చుని ఆవిడ క్యారేజీలో అన్నమే తిన్నాను, శివుడేమీ అనుకోలేదు. డాక్టరు గారు మాత్రం అన్నారు, ఉపవాసం ఉండాలనుకుంటే ముందే ఫోన్ చెయ్యమని. ఇప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌లో గ్లూకోజ్ పొట్లం లేకుండా గడప దాటను.

ఇంకొకటి, మామిడిపండ్లు కోసిన చేత్తో షుగర్ చూసుకోకండి. మొన్న మే నెలలో బంగినపల్లి ముక్కలు కోసి అందరికీ పెట్టి, నేను రెండే తిని, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని చూస్తే 312! మా ఆయన కారు తాళాలు తీశారు. ఎందుకో అనుమానం వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఇంకో వేలికి పొడిస్తే 164. ఆ మిగతాదంతా వేలికున్న రసం. సూది కూడా వేలి మధ్యలో కాకుండా పక్కన పొడుచుకుంటే అంత నొప్పి ఉండదు, సుద్దముక్క పట్టుకునే వేళ్ళని మాత్రం వదిలేస్తాను.

వచ్చే మంగళవారం మళ్ళీ టెస్టు. పోయినసారి 6.9. ఈ మధ్యలో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం అయ్యాయి, ఆత్రేయపురం నుంచి ఎవరో పూతరేకులు తెచ్చారు. ఎన్ని తిన్నానో మా ఆయనకి కూడా చెప్పలేదు.