తాతగారి చార్లెస్ లాంబ్

మా ఇంటికొచ్చినవాళ్ళ చూపు ముందుగా ఆ పాత పుస్తకాల తోలు అట్టల మీదే పడుతుంది. ముదురు గోధుమరంగు తోలు, వెన్ను మీద అయిదు ఉబ్బెత్తు కట్లు, బంగారు అక్షరాలు, అట్ట తీస్తే లోపల నెమలీకల డిజైను కాగితం. కిందటి సంక్రాంతికి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన "రిసార్టులవాళ్ళు మంచి రేటిస్తారమ్మా, హాల్లో అలంకారానికి పెట్టుకుంటారు" అన్నాడు. అమ్మనని చెప్పేశాను. ఎందుకమ్మనో ఆ పూట సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఇవి ఇంగ్లీషు వ్యాసకర్త చార్లెస్ లాంబ్ రచనలు. ఇ.వి. లూకస్ సంపాదకుడిగా, లండన్లో మెథ్యూన్ వాళ్ళు 1903-05 మధ్య ఏడు సంపుటాలుగా వేశారు. నరసాపురంలో ప్లీడరీ చేసిన మా తాతగారు, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారు, వీటిని కొని మద్రాసు పంపించి తోలు బైండు చేయించుకున్నారు. ఆయన తరవాత కోనసీమలో పెదమావయ్య ఇంటికి చేరాయి. 1996 నవంబరు తుపానులో ఆ ఇంటి పెంకులు లేచిపోయి అటకంతా తడిసింది. అయిదో సంపుటం అడుగు అంచున ఆ నీటిమరక ఇప్పటికీ ఉంది. మావయ్య ఇల్లు అమ్మేసేటప్పుడు "ఇంగ్లీషు చదివేది నువ్వేగా, తీసుకెళ్ళవే అమ్మాయీ" అని గోనెసంచిలో కట్టి ఇచ్చాడు.

నేను ట్రెజరీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి అక్కడే రిటైరయ్యాను. లాంబ్ గురించి నాకు తెలిసిందల్లా షేక్స్పియర్ నాటకాలను పిల్లల కోసం కథలుగా రాశాడని, అంతే. అవి కూడా ఆయనొక్కడే రాసినవి కావు, అక్క మేరీతో కలిసి రాసినవి. ఆయన కూడా లెక్కల గుమాస్తా అన్న సంగతి ఈ సంపుటాలు చదివాకే తెలిసింది. 1792లో, పదిహేడేళ్ళ వయసులో, ఈస్టిండియా కంపెనీ లండన్ ఆఫీసులో లెక్కల విభాగంలో చేరి ముప్ఫై మూడేళ్ళు అక్కడే పని చేశాడు. 1796లో మేరీ మతి చెడిన స్థితిలో కన్నతల్లినే కత్తితో పొడిచి చంపింది. తమ్ముడికి అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. అక్కను జన్మంతా పిచ్చాసుపత్రికి వదిలెయ్యకుండా తన పూచీ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా తీసుకెళ్ళి చేర్పించడం, తగ్గాక తెచ్చుకోవడం. పెళ్ళి చేసుకోలేదు. జీతం వదులుకునే వీలు ఆ మనిషికి ఎప్పుడూ లేదు. వ్యాసాలు చాలావరకు రాసింది ఆ ఉద్యోగం చేస్తూనే.

ఏడో సంపుటంలో ఉత్తరాలున్నాయి. 1825 ఏప్రిల్లో కవి వర్డ్స్‌వర్త్‌కు రాసిన ఉత్తరంలో తన పెన్షన్ లెక్క చెబుతాడు. ఏడాదికి 450 పౌండ్లు, అందులో 9 పౌండ్లు మినహాయించి 441. ఆ తొమ్మిది పౌండ్లు తన తరవాత అక్కకు ఆధారం ఉండటం కోసం. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఎన్ని చూశానో! లైఫ్ సర్టిఫికెట్టు కొంగున చుట్టుకుని, రేవు దాటి, రెండు బస్సులు మారి వచ్చే ముసలమ్మల చేత వేలిముద్రలు వేయించుకున్న చెయ్యి ఇది. ఆ తొమ్మిది పౌండ్ల విలువేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లాంబ్ 1834 డిసెంబరులో పోయాడు. మేరీ 1847 దాకా ఉంది, మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన ఏడాది.

అదే 1825లో రిటైర్మెంటు మీద ఒక వ్యాసం రాశాడు. పాత ఆఫీసుకు చూడ్డానికి వెళితే తన బల్ల, టోపీ తగిలించుకునే కొక్కెం వేరేవాళ్ళవైపోయాయి. అలా అవుతుందని తెలుసు, అయినా మనసు ఒప్పలేదంటాడు. నా బల్ల మీద గాజు కింద చిన్న వెంకటేశ్వరస్వామి ఫొటో ఉండేది. పెన్షన్ పని మీద వెళ్ళినప్పుడు చూస్తే అక్కడ సెలవుల లిస్టుంది. ఇంటికొచ్చి ఆ వ్యాసం మళ్ళీ చదువుకున్నాను. తన అసలు 'రచనలు' ఆఫీసు అలమరాల్లోని ఆ లావుపాటి లెక్కల పుస్తకాలేనని కూడా ఆయన అందులో అంటాడు. ఆ ఆఫీసు భవనాన్ని 1861లో కూల్చేశారు. ఇవాళ ఆ స్థలంలో లాయిడ్స్ బీమావాళ్ళ భవనం ఉంది.

ఇంకో వ్యాసంలో, పొద్దుటిపూట నీలిమందు, నూలు, ముడిపట్టు, పూల తానులు, సాదా తానులు చూసుకుంటూ కాలం గడుపుతానంటాడు. నరసాపురం పక్కనే మాధవాయపాలెంలో అదే కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. అక్కడి మెత్తటి నూలుబట్ట మాడపొల్లం అన్న పేరుతో ఇంగ్లండు దాకా పోయింది. మా తాతగారు ఆ దారినే కోర్టుకు నడిచేవారు.

ఇక తోలు సంగతి. ఈ పుస్తకాలు చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు ఎర్రటి పొడి అంటుతుంది, కుంకుమ రాలినట్టు. అది దుమ్ము కాదు, తోలే. గాలిలోని గంధకపు వాయువులు పట్టి ఆమ్లమై తోలు నారలను తినేస్తాయి. మన తంగేడు చెక్కతో ఊనిన, అంటే పదును చేసిన తోళ్ళకు ఈ జబ్బు మరీ ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే లండన్లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వేసిన కమిటీ, పుస్తకాల బైండింగుకు అలాంటి తోలు పనికిరాదని తేల్చింది. చెడిన తోలు మళ్ళీ బాగుపడదు, రాలడాన్ని ఆపుకోగలం అంతే. దయచేసి ఎవరూ కొబ్బరినూనె, ఆముదం రాయకండి. నూనె కాగితంలోకి దిగి మరకలు పడతాయి, బూజు పడుతుంది. పుస్తకాన్ని వెన్ను పైఅంచు పట్టి లాగకూడదు. పక్క పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, దీన్ని రెండు పక్కలా నడుం దగ్గర పట్టుకుని తియ్యాలి. ఒక్కొక్క సంపుటాన్నీ ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టాను. శ్రావణ భాద్రపదాల్లో మా గోడలు చెమ్మ ఊరతాయి కనుక బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను. అరల్లో వసకొమ్ము ముక్కలు మూటగట్టి పెడతాను. తాటాకు గ్రంథాలు దాచినవాళ్ళ పద్ధతే ఇది.

ఏడు సంపుటాలన్నాను గానీ ఉన్నవి ఆరే. నాలుగోది లేదు. షేక్స్పియర్ కాలపు నాటకకర్తల నుంచి లాంబ్ ఏరి కూర్చిన ఘట్టాల సంపుటం అది. తీసుకెళ్ళిందెవరో తాతగారికి తెలుసట, అడగడం మర్యాద కాదని ఊరుకున్నారట. పుస్తకాలు ఎరువు తీసుకుని సెట్లు పాడుచేసేవాళ్ళ మీద లాంబే ఒక వ్యాసం రాశాడు. అరలోని ఖాళీ ఊడిన కోరపన్నులా ఉందన్నాడు. కానీ అదే వ్యాసంలో, తన స్నేహితుడైన కవి కోల్రిడ్జ్ లాంటివాడికి ఇస్తే అంచుల్లో తన రాతలు చేర్చి, పుస్తకం విలువ మూడింతలు చేసి తిరిగి ఇస్తాడనీ అన్నాడు.

నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు పాత ఇళ్ళల్లో ముదురు గోధుమరంగు తోలు అట్టతో లాంబ్ నాలుగో సంపుటం కనిపిస్తే, మొదటి పేజీలో ఊదారంగు ప్లీడరు ముద్ర ఉందేమో చూడండి. పుస్తకం తిరిగిమ్మని అడగను, మీ దగ్గరే ఉంచుకోండి. నూనె మాత్రం రాయకండి. అంచుల్లో ఎవరైనా పెన్సిలుతో ఏమైనా రాసి ఉంటే ఆ పేజీలు ఫొటో తీసి పంపండి, చాలు.