ర రాస్తే ఠ వచ్చింది

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నే గుంటూరు వెళ్ళాను. మేనకోడలు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిందని అక్క నిన్న ఫోన్ చేసింది. బ్రాడీపేటలో ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు. ఏడో తరగతి పిల్ల, పుట్టుకతోనే చూపు లేదు. చాప మీద కూర్చుని బ్రెయిలీ రాస్తోంది, వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపి. గళ్ళున్న స్లేటులో మందపాటి కాగితం బిగించి, స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో పొడుస్తోంది. నా అడుగుల చప్పుడు విని, "మావయ్యా, రా! ఇవాళ నీ పేరు నువ్వే రాయాలి" అంది.

ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుని చూడటమే గానీ ఎప్పుడూ స్టైలస్ పట్టుకోలేదు. గడికి ఆరు చుక్కలు. ఎడమ వరసలో పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడి వరసలో నాలుగు, ఐదు, ఆరు. నా పేరులో మొదటి అక్షరం ర. అంటే ఒకటి, రెండు, మూడు, ఐదు. కాగితం వెనక వైపు నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయమంది. అది గుర్తుపెట్టుకున్నాను. గడి లోపల చుక్కలు కూడా కుడి ఎడమలవుతాయన్నది మర్చిపోయాను. కాగితం తిప్పి వేలు పెట్టగానే చెప్పేసింది: "ఇది ర కాదు మావయ్యా, ఠ."

ర తిరగబడితే ఠ. హ తిరగబడితే జ. ఇ తిరగబడితే ఏ. కొత్తగా చేరిన పిల్లలంతా మొదటి నెలలో చేసే తప్పులేనట ఇవి.

"ఇంగ్లీషులో అయితే నువ్వు రాసింది డబ్ల్యూ" అని కూడా అంది. ఠ, డబ్ల్యూ ఒకటే గడి అయితే ఏది ఏదో ఎలా తెలుస్తుందని అడిగాను. "తెలుగు చదువుతుంటే ఠ, ఇంగ్లీషు చదువుతుంటే డబ్ల్యూ" అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆ గడికి పెద్ద కథే ఉంది. లూయీ బ్రెయిలీ తన లిపిని ఫ్రెంచి కోసం చేసుకున్నాడు. 1829లో అది అచ్చయింది. ఫ్రెంచి అక్షరమాలలో అప్పటికి డబ్ల్యూ లేదు. ఇంగ్లీషు వాళ్ళ కోసం తర్వాత చేర్చారు. రష్యన్‌లో ఇదే గడి 'వ'. మన దగ్గర వకి ఇంగ్లీషు 'వి' గడి ఇచ్చారు. డబ్ల్యూ గడి ఠకి వచ్చింది, 'క్యూ' గడి క్షకి వచ్చింది. క, గ, జ, ద, ప, మ లాంటివి మాత్రం ఇంగ్లీషులో ఏ చుక్కలో ఇక్కడా అవే.

ఇంకా నచ్చిన సంగతి హిందీ పుస్తకం తీసినప్పుడు తెలిసింది. చిన్నప్పుడు హిందీలో మకీ భకీ తేడా రాక నేను ఎన్ని దెబ్బలు తిన్నానో! ఈ పిల్లకు ఆ బాధే లేదు. తెలుగు మ, హిందీ మ, తమిళం మ, ఇంగ్లీషు ఎమ్, అన్నీ ఒకే మూడు చుక్కలు. ఒకప్పుడు మన దేశంలో ఒక్కోచోట ఒక్కో పద్ధతి ఉండేది. 1951లో అన్ని భాషలకూ కలిపి భారతి బ్రెయిలీ ఖాయం చేశారు. తిరుపతి దాటితే బస్సు బోర్డు కూడా చదవలేని నేను, తమిళం చాలావరకు కూడబలుక్కుని చదవగలిగే ఈ పిల్ల! ఆ నిర్ణయం చేసినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

భోజనాల దగ్గర అక్క అడిగింది, "ఏరా, ఫోనే అన్నీ చదివి పెడుతోంది కదా, ఇంకా ఈ చుక్కలెందుకు అంటున్నారు మా ఆడపడుచు వాళ్ళు?" నాకు కోపం వచ్చింది. పిల్లే జవాబు చెప్పింది. అమ్మ అని రాయాలంటే అ, పొల్లుకి గుర్తుగా నాలుగో చుక్క, మ, మళ్ళీ మ. వత్తు అనేదే లేదు, రెండో మ కూడా పూర్తి మ. "వింటే పలకడం వస్తుందమ్మా. రాయడం ఎట్లా వస్తుంది?" అంది. అక్క మాట్లాడకుండా దాని కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

మధ్యాహ్నం జపాన్ సంగతి చెప్పాను. 1890లో వాళ్ళు గడిని రెండుగా పంచుకున్నారు. ఒకటి, రెండు, నాలుగు చుక్కలు అచ్చుకి. మూడు, ఐదు, ఆరు హల్లుకి. అంటే క, కి, కు లాంటివి ఒక్కొక్కటీ ఒక్క గడిలోనే ఇమిడిపోతాయి. మనం మామూలు రాతలో కి అని ఒక్కచోటే రాస్తాం గానీ, బ్రెయిలీలో క ఒక గడి, ఇ ఇంకో గడి. అది వేలితో చాప మీదే గీసి చూసుకుంది. "అయితే మన క వాళ్ళకేంటి?" "న." "మన బ?" "ఇ." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అ మాత్రం అయే కదా?" అంది. అవును, ఒకటో చుక్క వాళ్ళకూ అయే.

సాయంత్రం బయల్దేరుతుంటే నా పేరు సరిగ్గా పొడిచిన అట్టముక్క జేబులో పెట్టింది. బస్సు మంగళగిరి దాటాక కళ్ళు మూసుకుని వేలు ఆనించాను. ర దొరికింది. రెండో గడిలో మూడు చుక్కలో నాలుగో తేలలేదు. వారధి వచ్చేదాకా తడుముతూనే ఉన్నాను.