రంభలో పడవ, గోపాల్‌పూర్‌లో గోడ

క్రూజ్ అంటే అండమానో గోవానో వెళ్ళాలనుకునేదాన్ని. పుట్టి పెరిగింది బరంపురంలోనే అయినా, రంభ రేవులో చిలిక సరస్సులోకి పడవెక్కింది మాత్రం మొన్న ఆదివారమే. పదిమంది పట్టే మోటారు పడవ. ముందు కూర్చుంటే తడవడం ఖాయం. తడిశాను.

బీకన్ దీవి అంటే నీళ్ళ మధ్య ఓ బండ, దానిమీద మొనదేలిన స్తంభం. పైన దీపం పెట్టడానికి ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టర్ స్నాడ్‌గ్రాస్ కట్టించాడట. బ్రేక్‌ఫాస్ట్ దీవిలో ఖల్లికోట రాజుల బంగళా శిథిలాలు. పేరు విని ఇడ్లీలు దొరుకుతాయనుకున్నాడు మా తమ్ముడు!

సాయంత్రం గోపాల్‌పూర్. పాత రేవు గోడలు మొండిగా మిగిలాయి. ఒకప్పుడు ఇక్కడి నుంచే రంగూన్‌కి ఓడలు. మా మామ్మ రంగూన్ అనేది కాదు, "రంగం" అనేది. వాళ్ళ నాన్న రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టెలో మేమిప్పుడు పాత దుప్పట్లు దాస్తున్నాం. ఆయన ఓడెక్కేటప్పుడు ఈ ఊళ్ళింకా మద్రాసు ప్రెసిడెన్సీవే, ఒడిశాలో కలిసింది 1936లో.

ఆ గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఇంకా వెచ్చగానే ఉంది. లైట్‌హౌస్ వెలిగింది. "పదవే, బస్సు పోతుంది" అన్నారు నాన్న.