పక్క సీటు హల్మొని

పదకొండున్నర అయింది. ఈయన పడుకున్నారు. చిన్నది ఎప్పుడో నిద్రపోయింది. సాయంత్రం ఇక్కడ కొరియాలో విన్న పియానో కచేరీ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, మనసంతా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ, ఇక్కడి మాటలో హల్మొని, దగ్గరే ఆగిపోయింది.

టికెట్లు చిన్నదాని పియానో టీచరు ఇచ్చారు. మొదట ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్, తర్వాత కొరియా స్వరకర్త యున్ ఇసాంగ్ 1958లో రాసిన అయిదు చిన్న రచనలు. జర్మనీలో ఉంటున్న ఆయన్ని 1967లో సొంత దేశపు గూఢచారులే ఎత్తుకొచ్చి జైల్లో పెట్టారు. పాశ్చాత్య సంగీతంలో స్వరం కలంతో గీసిన గీత లాంటిదనీ, తూర్పు దేశాల సంగీతంలో కుంచెతో గీసినట్టు ఉంటుందనీ అనేవారట. వింటుంటే ఆ మాట సగమే అర్థమైంది. హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. అలా ఉండాల్సిందే అనిపించింది.

విరామం తర్వాత సాంజో, అంటే ఇక్కడి జానపద వాద్య సంగీతం. అసలైతే గయగుమ్ మీద వాయించేది. పన్నెండు పట్టు తీగలు, కుడిచేత్తో మీటుతూ ఎడమచేత్తో తీగని నొక్కి స్వరాన్ని ఊపుతారు. అచ్చం మన వీణ మీద గమకంలాగే. పియానో మెట్టు నొక్కాక స్వరాన్ని ఊపడం ఎవరి తరమూ కాదు కదా, పియానో వాయించే ఆవిడ ఏం చేస్తుందోనని చూస్తూ కూర్చున్నాను. పక్క స్వరాన్ని అలా తాకి వదిలేసి, అసలు స్వరాన్ని మోగనిచ్చి, అది సన్నగిల్లేదాకా ఆగింది. ఆ ఆగడంలోనే నాకు ఊపు వినపడింది. పక్కన నేలమీద కూర్చుని ఒకాయన జాంగూ వాయిస్తున్నాడు. మన డమరుకాన్ని సాగదీసినట్టుండే డోలు అది. నిదానంగా మొదలై, లయ మారినప్పుడల్లా వేగం పెరుగుతూ వచ్చింది. చాజిన్‌మోరి అనే వేగమైన లయకి వచ్చేసరికి చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

అప్పుడు జాంగూ ఆయన "ఒల్సూ!" అన్నాడు. వెంటనే నా పక్కనున్న హల్మొని కూడా "చోత్తా!" అంది. భలే అన్నట్టు. గట్టిగా ఏమీ అనలేదు, ఊపిరితో పాటు వచ్చేసిందంతే. అప్పటిదాకా ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు మీద రెండు వేళ్ళతో తాళం వేస్తూ ఉంది పాపం. రెండోసారి అనేసరికి హాలు చూసుకునే అమ్మాయి వంగి వంగి నడుచుకుంటూ వచ్చి, నోటి మీద వేలు పెట్టి, తల వంచి వెళ్ళిపోయింది. మర్యాదగానే చేసింది. హల్మొని కూడా మర్యాదగానే తలూపింది. బ్యాగు మీద వేళ్ళు ఆగిపోయాయి. కరపత్రాన్ని సన్నగా చుట్టి, చివరిదాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. స్టేజీ మీద ఆయన అంటే సంగీతం, కింద ఈవిడ అంటే గోలా? ఆ కేకల్ని చుయిమ్సే అంటారు. పాన్సోరీలో, అంటే డోలు వాయిస్తుంటే కథని పాడే ఇక్కడి పాటలో, అవి లేకపోతే పాటగాడికి పాడబుద్ధి కాదంటారు. బాగా వినడం వచ్చిన శ్రోతని వీళ్ళు గ్వీమ్యంగ్‌చాంగ్ అంటారు, చెవితోనే మహా గాయకుడని. అలాంటి మనిషి నోరు మూయించి, పైన జానపదం వాయించడమేమిటి? ఈ దేశానికి పియానో 1900లో ఒక మిషనరీ కుటుంబంతో తెగూ దగ్గర పడవ రేవులో దిగిందట. కూలీలు మోస్తుంటే చూసిన జనం దాన్ని దయ్యాల పెట్టె అన్నారట. పెట్టెతో పాటు నోరు మూసుకుని వినాలన్న నియమం కూడా దిగిందన్నమాట, అని సబ్‌వేలో ఈయనతో వాదించాను. ఆయన "స్టేజీ మీద మైకులు చూశావా? రికార్డింగ్ జరుగుతోంది" అన్నారు. చూశాను. నాలుగున్నాయి.

ఇది రాస్తుంటే ఆ అమ్మాయి మీద కోపం తగ్గింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చెప్పిన పని చేసింది. అదే కేక ఇంతకుముందు షూబర్ట్ మధ్యలో వినిపించి ఉంటే నేనే వెనక్కి తిరిగి చూసేదాన్ని.

పైగా, నేనూ చేశానుగా ఆ పని. తొమ్మిదో తరగతిలో. తాతయ్యతో వయొలిన్ కచేరీకి వెళ్ళాను. ఊళ్ళో పందిట్లో అయితే ఆయన ముందు వరసలో కూర్చుని, నచ్చిన సంగతి పడినప్పుడల్లా తొడ మీద చరిచి ఏదో అనేవారు. విద్వాంసులు ఆయన వైపే తిరిగి వాయించేవారు. ఆ రోజు ఏసీ హాలు. ముందు వరసలో మా క్లాసు అమ్మాయిలు ఇద్దరు. తాతయ్య అనగానే వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. నేను ఆయన కండువా లాగి, "తాతయ్యా, అరవకు, అందరూ చూస్తున్నారు" అన్నాను. ఆయన "సరేనమ్మా" అన్నారు. చెయ్యి తొడ మీద పెట్టి, అలాగే ఉంచేశారు. తనియావర్తనం అంతా ఆ చెయ్యి కదల్లేదు. రిక్షాలో వస్తూ నాకు బఠాణీలు కొనిపెట్టారు. ఆ మాట ఎత్తనే లేదు. నేనూ ఎత్తలేదు.

చివర్లో ఆరిరాంగ్ అనే ఇక్కడి జానపద గీతం వాయించారు. 3,600 రకాలుగా పాడతారని యునెస్కో లెక్క, మాకు తెలిసింది ఒక్కటే. పియానో ఆవిడ జనం వైపు తిరిగి పాడమన్నట్టు చెయ్యి చూపింది. హాలంతా లోగొంతుకతో అందుకుంది. చిన్నది కూడా స్కూల్లో నేర్చుకున్న మాటలన్నీ తప్పులేకుండా పాడింది. చాలా బాగుంది. హల్మొని మాత్రం పాడలేదు.

తాతయ్య ఏమనేవారో గుర్తు రావట్లేదు. "భళా" కాదు. "శభాష్" అస్సలు కాదు. ఇక్కడ పదకొండున్నరంటే అక్కడ ఎనిమిదేగా అని అమ్మకి ఫోన్ చేశాను.

"అద్దీ! అనేవారే" అంది అమ్మ. "ద మీద ఒత్తి. ఏం, ఇప్పుడెందుకే?"