మా సందులో వాననీటి వెంట: పెర్మాకల్చర్ సాధన, ఆరో నెల

పెర్మాకల్చర్, అంటే ప్రకృతి తీరుని చూసి నేల, నీళ్లు, మొక్కలని కలిపి అమర్చుకునే పద్ధతి. దాని డిజైన్‌లో 72 గంటల కోర్సు పూర్తయింది. చివర్లో చేయాల్సిన డిజైన్ ప్రాజెక్టుకి మా సందునే ఎంచుకున్నాను. ఒక పక్క ఇళ్ల వరుస, ఇంకో పక్క ప్రహరీ, దాని వెంట రెండు మీటర్ల వెడల్పున గట్టిపడ్డ మట్టి. అక్కడ చెట్ల నీడ రావాలని నా ఆశ. అమెరికాలో సియాటిల్‌లోని బీకన్ ఫుడ్ ఫారెస్ట్ అనే ఊరుమ్మడి పండ్ల తోట కూడా 2009లో ఇలాంటి కోర్సు ప్రాజెక్టుగానే కాగితం మీద మొదలైందట. అది తెలిశాక నా కాగితం మీద నాకే గౌరవం పెరిగింది.

మొదటి రెండు నెలలూ చూడటమే పని. పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో నేల మీద గీసి, ఫొటో తీసి పెట్టుకున్నాను. గాలి ఎటు నుంచి వస్తోంది, జనం ఎటు నడుస్తున్నారు, బండ్లు ఎక్కడ ఆపుతున్నారు అన్నవీ రాసుకున్నాను. తర్వాత పటం గీసి, వాననీటిని ఆపి చెట్ల కోసం నేలలోకి ఇంకించే గుంటని అందులో సందు మొదట్లో పెట్టాను. అక్కడే ఖాళీ ఎక్కువ ఉంది మరి.

మొదటి పెద్ద వానకి గొడుగు వేసుకుని సందు చివరిదాకా నడిచాను. నీళ్లు నా గుంట వైపు చూడనైనా చూడలేదు. రోడ్డు మధ్యలో ఉన్న అతుకు దగ్గర మలుపు తిరిగి, ప్రహరీ మధ్య భాగంలో చేరి, అక్కడి నుంచి కాలువలోకి పోయాయి. ఇంటికొచ్చి తడి బట్టలతోనే పటం మార్చాను. ఆ అరగంటలో నేర్చుకున్నంత రెండు నెలల గీతల్లో నేర్చుకోలేదు.

వాలు కొలవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన గొట్టం, రెండు కర్రలు, వాటి మీద సెంటీమీటర్ల గుర్తులు. గొట్టంలో ఒక్క గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది, కాబట్టి నీళ్లు నెమ్మదిగా నింపాలి. కంటికి సమంగా కనిపించే 15 మీటర్ల దూరంలో 22 సెంటీమీటర్ల వాలు తేలింది.

తర్వాత, నీళ్లు నేలలోకి ఎంత వేగంగా ఇంకుతాయో చూసే పరీక్ష. 30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, ఒకసారి నీళ్లు నింపి పూర్తిగా ఇంకనిచ్చి, రెండోసారి నింపి కొలవాలి. పొడి మట్టి మొదటిసారి ఆశగా తాగేస్తుంది, ఆ అంకెని నమ్మకూడదు. నేను మొదట అనుకున్న చోట, బండ్ల బరువుకి అణిగిపోయిన నేల, 4 గంటల్లో 2 సెంటీమీటర్లే దిగింది. నీళ్లు తమంతట తాము చేరిన చోట గంటకి రెండున్నర సెంటీమీటర్లు.

ఇక లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గుంటలోకి నీళ్లు పంపే మా డాబా 80 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానలో పదో వంతు నష్టం తీసేస్తే 1,440 లీటర్లు. 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు గుంటలో పట్టేది 900. అందుకే నీళ్లు వచ్చే దారి కంటే ముందు పొర్లిపోయే దారి ఎటో తేల్చుకోవాలి. గుంట అంచుని కిందివైపు ఒకచోట 5 సెంటీమీటర్లు తగ్గించి రాళ్లు పరిచాను. పునాదులకి కనీసం మూడు మీటర్ల దూరం ఉంచాను. గడ్డపార వేసే ముందు నీళ్ల పైపులు, కరెంటు తీగలు ఎటు పోతున్నాయో అడిగి తెలుసుకున్నాను.

నాలుగో నెలలో ఒక దెబ్బ తగిలింది. గుంటలో మట్టి ఆరిపోకుండా కప్పే పొరగా (మల్చింగ్) చెక్కపొట్టు దండిగా వేశాను. వాన రాగానే పొట్టంతా పైకి తేలి, పొర్లుదారికి అడ్డంపడి, నీళ్లు రోడ్డెక్కాయి. ఇప్పుడు గుంట అడుగున గులకరాళ్లు, అంచుల్లో మాత్రమే ఎండాకులు. మొక్క కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలేస్తున్నాను, ఆనించి వేస్తే మొదలు కుళ్లుతుంది. రోడ్డు నీళ్లలో నూనె, టైర్ల అరుగుదల కలుస్తాయి కాబట్టి ఆ గుంటలో ఆకుకూరలు, దుంపలు వేయను. లోతుగా వేళ్లు పోయే గడ్డి, నీడనిచ్చే చెట్లు మాత్రమే.

ఎదురింటావిడ మొదటి రోజే అడిగింది, "నీళ్లు నిలిస్తే దోమలు చేరవా?" అని. న్యాయమైన ప్రశ్న. గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుందని, ఈ గుంట ఒక్కరోజులో ఆరిపోవాలని చెప్పాను. గుంటలో గీతలు పెట్టిన కర్ర పాతాను. మొన్న వాన పడ్డప్పుడు నేను ఊళ్లో లేను. తిరిగొచ్చేసరికి ఆవిడే లెక్క చెప్పింది: "రాత్రి పదికి పై గీత దాకా ఉన్నాయి, పొద్దున్నే లేచి చూస్తే అడుగున తడి మట్టే." ఆ వెంటనే, "మా డాబా గొట్టం కూడా ఇటు తిప్పొచ్చా?"

వాళ్ల డాబా 60 చదరపు మీటర్లు. అంటే అదే వానకి ఇంకో 1,080 లీటర్లు, ఈ గుంటకి మించిన పని. పొర్లుదారికి నాలుగు మీటర్ల దిగువన మరో గుంటకి చోటు చూశాను. నిన్న సాయంత్రం అక్కడ పరీక్ష గుంట తవ్వి మొదటి విడత నీళ్లు పోశాం. ఈరోజు రెండో విడత పోసి కొలవాలి, కర్ర ఆవిడ దగ్గరే ఉంది.