మోకాళ్ళమిట్ట చెప్పే వయసు

తిరుపతిలో తిరుమల కొండ మెట్లు మొదలయ్యే అలిపిరిలో ఆటో దిగేటప్పుడు డ్రైవరు 'అన్నా' అంటే ఒక రకంగా ఉంటుంది, 'పెద్దాయనా' అంటే ఇంకో రకంగా ఉంటుంది. నలభై ఐదుకీ యాభై ఐదుకీ మధ్య ఉన్నవాళ్ళకు ఈ రెండు పిలుపులూ ఒకే రోజు వినబడొచ్చు. తేడా అంతా జుట్టు రంగులోనే. దేవస్థానం లెక్కలో అయితే వృద్ధుల దర్శనానికి 65 నిండాలి. నడివయసులో ఒంటికి ఒక వయసంటూ ఉండదు. కంటికొకటి, ఊపిరికొకటి, తొడలకొకటి. అవి విడివిడిగా తేల్చే 3,550 మెట్లు ఊళ్ళోనే ఉండగా అద్దం ముందు బెంగపడడం దేనికి?

ఎక్కడం ఊపిరికి పరీక్ష. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా నిలువు, ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదును, చివర్లో మోకాళ్ళమిట్ట అనే నిట్టనిలువు మెట్లు. చాలామంది మొదటి అరగంటలోనే తప్పు చేస్తారు. పక్కన పాతికేళ్ళ పిల్లలు పరిగెడుతుంటే వాళ్ళతో పోటీ పడతారు. సరైన వేగానికి గడియారం అక్కర్లేదు, గోవిందనామాలు చాలు. 'ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా' అని ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం సరిపోయింది. మధ్యలో తెగితే తగ్గించాలి. 'గోవిందా' ఒక్కటే కష్టంగా వస్తుంటే ఆగాలి. ఆగినా కూలబడొద్దు, ఒక నిమిషం నిలబడి ఊపిరి కుదుటపడ్డాక కదలండి. ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ళు బిగుసుకుని, లేచాక మొదటి యాభై మెట్లు నరకం. దూరం తక్కువని కొండకున్న రెండో మెట్లదారి, శ్రీవారి మెట్టు, ఎంచుకునేవాళ్ళకు ఒక మాట: అక్కడ 2.1 కిలోమీటర్లలో 2,388 మెట్లు. నిలువు ఎక్కువ, ఊపిరి తీసుకునే చదును తక్కువ.

అసలు సంగతి దిగేటప్పుడు బయటపడుతుంది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండ కుంచించుకుంటూ ఒంటిని లేపుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ ఒంటి బరువును ఆపాలి. ఆయాసం రాదు కాబట్టి సులువనిపిస్తుంది గానీ, కండలోని సన్నటి పోగులు దెబ్బతినేది ఈ సాగే పనిలోనే. నొప్పి ఆ రోజు రాదు. మర్నాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది. దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా పడుతుంది. డెబ్భై కిలోల మనిషికి అడుగడుక్కీ రెండు వందల కిలోల పైమాటే. తొడ కండ గట్టిదైతే అందులో చాలా భాగం అదే మోస్తుంది. కాకపోతే భారం మోకాలిచిప్ప వెనక పడుతుంది. 'మోకాళ్ళు అరిగిపోయాయి, ముసలితనం వచ్చేసింది' అనుకునేవాళ్ళలో చాలామందికి అరిగింది కీలు కాదు, తరిగింది తొడ.

ముప్ఫై దాటాక కండ పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతుందంటారు. యాభైకి అది పెద్ద నష్టమేం కాదు. మిగతాదంతా కుర్చీ తిన్నది.

ఇంట్లోనే చూసుకోండి. చేతుల్లేని కుర్చీ, ఎత్తు 17 అంగుళాలు, గోడకు ఆనించి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 60–64 ఏళ్ళ మగవాళ్ళకు 14, ఆడవాళ్ళకు 12 కన్నా తగ్గితే సగటు కన్నా బలం తక్కువని లెక్క. యాభైలోనే అంతకు తగ్గితే కొండ సంగతి ఎనిమిది వారాలు వాయిదా వేయండి.

ఆ ఎనిమిది వారాల్లో ముఖ్యమైన పని ఒక్కటే. ఇంటి మెట్లలో అన్నిటికన్నా కింది దాని మీద, ఆరంగుళాల ఎత్తు చాలు, ఒంటి కాలి మీద నిలబడి, గోడకు రెండు వేళ్ళు ఆనించి, రెండో కాలి మడమను నేలకు దించాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ. మడమ నేలను తాకాలి గానీ బరువు దాని మీద పడకూడదు. మళ్ళీ పైకి. కాలికి పదిసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. పక్కన అద్దం పెట్టుకుని మోకాలిని గమనించండి. అది బొటనవేలి వైపు లోపలికి వాలితే తుంటి కండ పనిచేయడం లేదన్నమాట, ఎత్తు తగ్గించుకోవాలి. దభీమని దిగితే ఆ లెక్క లెక్కలోకి రాదు. నెలలోపే తేలికనిపిస్తుంది. అప్పటికి కండ పెద్దగా పెరగదు, ఉన్నదాన్ని వాడుకోవడం నరాలకు తెలుస్తుంది, అంతే. ఐదో వారం నుంచి మెట్టు ఎనిమిదంగుళాలు.

తిండి సంగతి. ఒంటి బరువు కిలోకు రోజుకు ఒక గ్రాము మాంసకృత్తులు (ప్రోటీన్) లేకపోతే ఈ కసరత్తుకు ఫలితం తగ్గుతుంది. రాగిసంగటి, ఊరిబిండి మంచివే గానీ వంద గ్రాముల రాగిపిండిలో ఉండేది ఏడు గ్రాములే. యాభై గ్రాముల ఉలవలు గుగ్గిళ్ళు చేసుకుంటే పదకొండు, రెండు గుడ్లు పన్నెండు, గుప్పెడు చెనిగ్గింజలు (వేరుశనగలు) ఏడు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగాలి.

కళ్ళ గురించి ఎవరూ చెప్పరు. చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం పుస్తకం దూరానికి చేసింది. మెట్టు దిగుతూ కళ్ళు మాత్రం కిందికి తిప్పితే అంచు మసకబారుతుంది. మెట్లపూజ వాళ్ళు రాసిన పసుపు కుంకుమల మీద ఆ మసక చూపుతో అడుగేస్తే పడడమే. గడ్డం ఛాతీకి దించి అద్దం పైభాగంలోంచి చూడండి, లేదా దూరపు చూపు అద్దాలు వేరే పెట్టుకోండి.

షుగరు మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉపవాసంతో ఎక్కొద్దు. చెమట, వణుకు, తికమక వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి చూడాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే అక్కడే ఆగి సాయం పిలవండి.

మొదటిసారి ఎక్కినవాళ్ళు బస్సులో దిగండి. అందులో నామోషీ లేదు. తొడ నొప్పి నాలుగైదు రోజుల్లో పోతుంది. మోకాలు వాచినా, మడత దగ్గర ఇరుక్కుపోయినా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా అది కండ నొప్పి కాదు. దారిలో తలయేరు గుండు అనే బండకు మోకాళ్ళు ఆనించి మొక్కుకోండి, మంచిదే. తర్వాత ఎముకల డాక్టరు దగ్గరికెళ్ళి ఎక్స్‌రే తీయించుకోండి. నిలబెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీస్తే కీలు మధ్య ఎడం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.