ముప్పై ఒకటో గుడ్డు

ఉల్లిపొట్టు పారేయకుండా దాచుకోవడం మా ఇంట్లో భస్మ బుధవారం నాడు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలపు ఉపవాసాల మొదటి రోజున, మొదలవుతుంది. ఆ రోజు వంటింటి తలుపు వెనక మేకుకు ఒక గుడ్డసంచీ తగిలిస్తాం. కూరకు ఉల్లిపాయ కోసినప్పుడల్లా పైపొరలు అందులో పడుతుంటాయి. సీతమ్మధారలోని మా ఫ్లాటుకు కొత్తగా పనికి వచ్చిన ఆవిడ ఒకసారి దాన్ని చెత్త అనుకొని కింద కుండీలో పారబోస్తే, మా చిన్నమ్మాయి ఆ పూట అన్నం తినకుండా అలిగి కూర్చుంది. ఈస్టరుకు ముందు శనివారం సాయంత్రం ఆ సంచీలోని పొట్టంతా పెద్ద గిన్నెలో పోసి నీళ్లు మరిగిస్తాం. గుడ్డును తడిపి, దాని మీద ఒక కరివేపాకునో చిన్న మునగరెమ్మనో అతికించి, పాత పంచె ముక్కలో బిగించి దారం చుట్టి, ఒక చెంచాడు వెనిగరు కలిపిన ఆ నీళ్లలో ఉడికించి, అందులోనే చల్లారనివ్వాలి. వెనిగరులోని పులుపు పెంకులోని సున్నాన్ని కాస్త కొరికితేనే రంగు నిలుస్తుంది. దారం తెంపి గుడ్డ విప్పినప్పుడు, ఇటుక రంగు మీద ఆకు అంటుకొని ఉన్నంత మేర తెల్లగా, ఈనెలతో సహా అచ్చు పడి ఉంటుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఆ విప్పే క్షణంలో నాకు కొంచెం ఆత్రం కలుగుతూనే ఉంటుంది.

2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. ఎప్పటిలాగే తమ్ముడు భార్యాపిల్లలతో గాజువాక నుంచి తెల్లవారకముందే వచ్చాడు. ముందు సమాధుల తోటకు, ఆ తరువాత ఆరాధనకు, చివరికి ఇంటికి. గారెలూ కోడికూరా అయ్యాక నలుగురు పిల్లలూ గుడ్లు వెతకడానికి మేడ మీదికి పరుగెత్తారు. 2020లో మాత్రం, ఏప్రిల్ 12న, లాక్‌డౌన్ వల్ల ఆరాధన ఫోనులో విని, గుడ్లను ఇంట్లోనే బియ్యం డ్రమ్ములోనూ వాషింగ్ మెషీనులోనూ నా ఆఫీసు బూట్లలోనూ దాచాను. ఆ రోజు వెనిగరు దొరకక నిమ్మరసం పిండితే రంగు బాగానే పట్టింది. ఈ మధ్య దుకాణాల్లో ప్లాస్టిక్ గుడ్లు అమ్ముతున్నారు, లోపల చాక్లెట్ పెట్టి దాచవచ్చు. మా పిల్లలు అడిగినా నేను కొనలేదు. విశాఖ ఏప్రిల్ ఎండకు చాక్లెట్ ఏమవుతుందో చెప్పనక్కరలేదు గాని, నా అభ్యంతరం అది కాదు. ప్లాస్టిక్ గుడ్డు దొరకకపోతే ఏమీ కాదు, ఏడాది తరువాత దొరికినా అలాగే ఉంటుంది. ఉడికించిన గుడ్డు దొరకకపోతే మూడు నాలుగు రోజుల్లో అదే తన చోటు చెబుతుంది. ఆ భయం లేని వెతుకులాటలో రుచి ఏముంది?

ఈ ఆట మా ఇంటిది కాదు, పాత విద్యార్థులం మనమంతా కలిసి చదివిన మన బడి నుంచి వచ్చింది. లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంఘం వారు విశాఖపట్నంలో అడుగుపెట్టింది 1805లో. క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నదీ ఇక్కడే. అంత పాత ఊరిలో, మూడు తరాలుగా గుడికి వెళ్లే కుటుంబంలో పుట్టి కూడా, నాకు పదేళ్లు వచ్చేదాకా ఈస్టరుకూ గుడ్డుకూ సంబంధం ఉందని తెలియదు. మాకు ఈస్టరంటే సమాధుల తోట. శనివారం నాడు నాన్నగారూ చిన్నాన్నా బకెట్టుతో సున్నం, కుంచె పట్టుకొని వెళ్లి తాతయ్య సమాధికి వెల్లవేసి వచ్చేవారు. ఆదివారం నాలుగు గంటలకే లేచి, తలస్నానం చేసి, చీకట్లో మల్లెపూల పొట్లాలూ కొవ్వొత్తులూ పట్టుకొని పాతనగరం సందుల్లో నడిచివెళ్లేవాళ్లం. సముద్రపు గాలికి కొవ్వొత్తి నిలిచేది కాదు, అందుకని నాన్నమ్మ కొబ్బరిచిప్పలు దాచి ఉంచి తెచ్చేది. చిప్పను గాలికి అడ్డంగా నిలబెడితే వెనక వత్తి కుదురుగా వెలిగేది. తోటంతా అలా వెలుగుతుండగా తూర్పున తెల్లబడేది. అప్పుడు పెద్దవాళ్లు ఒకరికొకరు ‘ప్రభువు లేచెను’ అని చెప్పుకొనేవారు, ‘నిజముగా లేచెను’ అని బదులు వచ్చేది. అయిదేళ్ల వయసులో నేను అది తాతయ్య గురించి అనుకొని సమాధి వంక చూసి బెదిరిపోయానట. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పి నవ్వుకుంటారు.

గుడ్లను మన బడికి తెచ్చింది మిస్. పేరు రాయను, 1980లలో ఆరు, ఏడు తరగతులు చదివినవారికి రాయనక్కరలేదు. ఆవిడ రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. మన స్టేషన్‌ను ఇంకా వాల్తేరు అని పిలుస్తున్న రోజులవి, ఆ పేరు మారింది 1987లో. మిస్ తెలుగు కూడా ఆ స్టేషన్ ప్లాట్‌ఫారమ్ మీద నేర్చిన తెలుగే, కూలీలను కేకవేసినట్టు ‘ఏయ్, ఇటు రా’ అనేవారు, దగ్గరికి వెళ్తే ప్రేమగా తల నిమిరేవారు. ఈస్టరు మరునాడు, సోమవారం చివరి రెండు పీరియడ్లలో, బడి ఆవరణలో నలభై ఎనిమిది గుడ్లు దాచేవారు. ఉల్లిపొట్టు రంగూ ఆకు అచ్చూ మాకు తెలిసింది ఆవిడ వల్లనే, కాకపోతే ఆవిడ పంచె గుడ్డకు బదులు పాత నైలాన్ మేజోళ్లు వాడేవారు.

గుడ్డు ఎందుకు అని అడిగితే మిస్ చెప్పిన జవాబు నాన్నమ్మకు బాగా నచ్చింది. పూర్వం ఐరోపాలో శ్రమకాలమంతా మాంసంతో పాటు గుడ్లూ నిషేధమే. మనుషులు మానేసినంత మాత్రాన కోళ్లు పెట్టడం మానవు గదా. నలభై రోజులు పోగైన గుడ్లన్నీ పండుగ నాటికి ఇంటినిండా ఉండేవి, వాటికి రంగులు వేసి పంచుకొనేవారు. నాన్నమ్మ కూడా ఆ నలభై రోజులూ నీచు ముట్టేది కాదు. పక్కింటి కామాక్షమ్మగారు కార్తిక మాసంలో ఉన్నట్టే ఈవిడ శ్రమకాలంలో ఉండేది, ఇద్దరూ ఒకరి నిష్ఠను మరొకరు మెచ్చుకొనేవారు. పెద్దయ్యాక నేను చదివినదాంట్లో ఇంకో సంగతి తెలిసింది. కుందేలు వచ్చి తోటలో గుడ్లు దాచిపోతుందనీ పిల్లలు వాటిని వెతుకుతారనీ 1682లోనే ఒక జర్మన్ వైద్యుడు రాశాడు. రాసి, అతిగా గుడ్లు తిని కడుపునొప్పి తెచ్చుకొనేవారిని గురించి హెచ్చరించాడు కూడా. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1290లో పంచిపెట్టడానికి అలంకరింపజేసిన 450 గుడ్లకు పద్దెనిమిది పెన్నీల ఖర్చు పద్దు ఉందట. మిస్ ఆ పద్దు రాసిన గుమాస్తాకు ఏమాత్రం తీసిపోయేవారు కాదు. నల్ల అట్ట నోటుపుస్తకంలో ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా అంకెలు వేసి, ఏ గుడ్డు ఎక్కడ దాచారో రాసుకొనేవారు. ఆట అయ్యాక ఒక్కొక్కరూ ఎక్కడ దొరికిందో చెబితే, ఆ వరుసకు ఎదురుగా టిక్కు పెట్టేవారు.

నియమం ఒకటే. ఇరవై నలుగురం ఉండేవాళ్లం, మనిషికి రెండు. మూడోది కంటపడితే ముట్టుకోకూడదు, అది ఇంకొకరి వంతు. కాళ్లలో చురుకు ఉన్నవాళ్లే అన్నీ ఏరుకుపోకుండా ఆవిడ పెట్టిన కట్టుబాటు అది. మూడో గుడ్డు చూసినవాడు మాట్లాడకుండా అక్కడి నుంచి తప్పుకోవడం పదకొండేళ్ల వయసులో ఎంత కష్టమో, ఆ ఆట ఆడినవారికే తెలుస్తుంది.

1985లో ఈస్టరు ఏప్రిల్ 7. దానికి అయిదు రోజుల ముందు తమ్ముడికి ఆటలమ్మ పోసింది. మాది క్రైస్తవ కుటుంబమే, అయినా ఆటలమ్మ విషయంలో మా ఇంటికీ కామాక్షమ్మగారి ఇంటికీ తేడా లేదు. గుమ్మానికి వేపమండ, మంచం నిండా వేపాకు, ఇంట్లో తాలింపు వేయకూడదు, నీచు గడప దాటి రాకూడదు. ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరుగారు కూడా వేపరెమ్మ ఒకటి పక్కకు జరిపి మంచం అంచున కూర్చున్నారే గాని ఏమీ అనలేదు. ఆ ఏడు ఈస్టరు నాడు మా ఇంట్లో పెరుగన్నం తిన్నాం. నలభై రోజులు ఉపవాసం ఉన్న నాన్నమ్మ ఆ వారం కూడా కలుపుకొని మరి పదిరోజులు ఉన్నది. ఏడేళ్ల తమ్ముడు మాత్రం పక్కింటి నుంచి వచ్చే కోడికూర వాసనకు గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాకు అంతకు ముందు ఏడే పోసింది గనుక వాడి పక్కన కూర్చోనిచ్చేవారు. ‘రేపు బళ్లోంచి గుడ్డు తెస్తాను, ఏడవకు’ అని చెప్పాను.

సోమవారం నా వంతు రెండు గుడ్లూ పది నిమిషాల్లో దొరికాయి. ఒకటి నీళ్ల ట్యాంకు కింద, ఒకటి చేతిగంట వేలాడే కొక్కెం పక్కన. ఆకలి మీద ఉన్నానేమో, రెండూ అక్కడే ఒలుచుకొని తినేశాను. చివరి ముద్ద మింగాక గాని తమ్ముడు గుర్తుకు రాలేదు. అప్పుడు బాదం చెట్టు దగ్గరికి వెళ్లాను. మెట్ల పక్కన, నిలబడితే ఎదురుగా రాస్ హిల్ మీది మరియమ్మ గుడీ దర్గా కొండా వేంకటేశ్వరస్వామి కొండా వరుసగా కనిపించే చోట ఉండేది ఆ చెట్టు. దాని తొర్రలో చెయ్యి పెడితే తగిలింది. ఎర్రటి గుడ్డు మీద కొత్తిమీర ఆకు అచ్చు, అంత అందమైనది ఆ ఏడు ఇంకెవరికీ రాలేదు. లాగు జేబులో వేసుకొన్నాను.

లెక్క దగ్గర నలభై ఏడే తేలాయి. ముందు బెంచీలో కూర్చొనే ఒక అమ్మాయి చేతిలో ఒకే గుడ్డు ఉంది. మిస్ పుస్తకం చూసి, ‘ముప్పై ఒకటి, బాదం చెట్టు తొర్ర’ అని చదివి, తానే వెళ్లి తొర్రలో చెయ్యి పెట్టి చూశారు. ఉడత ఎత్తుకుపోయిందేమో అన్నారెవరో. ఆవిడ ఆ అమ్మాయిని వెంటబెట్టుకొని చెట్టు చుట్టూ ఆకులు కెలికారు, కాలువలో చూశారు, మోకాళ్ల మీద వంగి మెట్ల కింద చూశారు. గంట కొట్టాక అందరూ వెళ్లిపోతున్నారు. నేను గేటు దగ్గర జేబు మీద చెయ్యి పెట్టుకొని నిలబడి, ఆవిడ గౌనుకు అంటిన దుమ్ము దులుపుకోవడం చూశాను. వెళ్లి ఇచ్చేయడానికి ముప్పై అడుగులు నడిస్తే చాలు. నడవలేదు.

ఆ గుడ్డు తమ్ముడు తినలేదు. నీచు తింటే అమ్మవారికి కోపం వస్తుందని భయపడ్డాడో, ఆకు అచ్చు చెడగొట్టడం ఇష్టం లేకపోయిందో, దిండు కింద వేపాకుల్లో దాచుకొని రాత్రుళ్లు తీసి చూసుకొనేవాడు. వాడికి నీళ్లు పోసిన రోజున పక్క ఎత్తుతుంటే అది నాన్నమ్మ చేతికి దొరికింది. అప్పటికి వాసన మొదలైంది. ‘ఏటిరా గుంటడా ఇది?’ అని నా వైపు చూసిందే గాని తమ్ముడి వైపు చూడలేదు. అమ్మ వచ్చేలోగా దాన్ని కొంగులో చుట్టి పెరట్లోకి తీసుకెళ్లి, మునగచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది. తరువాత దాని ఊసు ఎత్తలేదు.

మిస్ మాత్రం ఎత్తారు. మరుసటి ఏడు ఆట మొదలుపెడుతూ, ‘పోయిన సంవత్సరపు ముప్పై ఒకటో గుడ్డు ఇంకా ఇక్కడే ఎక్కడో ఉంది, దొరికినవాళ్లు ముక్కు మూసుకొని నా దగ్గరికి రండి’ అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడితో పోలేదది. మా తరువాతి తరగతుల పిల్లలకు కూడా ఆ కథ చేరింది. రాత్రిపూట ఆవరణలో ఆ గుడ్డులోంచి వచ్చిన కోడి తిరుగుతుందని హాస్టలు పిల్లలు చెప్పుకొనేవారట. మిస్ పదవీ విరమణ చేసి ఆస్ట్రేలియాలోని కూతురి దగ్గరికి వెళ్లిపోయేనాటికి కూడా నేను ఆవిడతో చెప్పలేదు. వీడ్కోలు సభలో చెప్పాలనే వెళ్లాను. దండలూ ప్రసంగాలూ అయ్యేసరికి ఆవిడ చుట్టూ జనం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిలోని చెట్లను ఊడ్చిపెట్టినప్పుడు మన బాదం చెట్టు కూడా వేళ్లతో సహా ఒరిగిపోయింది. కరెంటు వచ్చిన తరువాత ఒక సాయంత్రం మా బ్యాచి మిత్రుడు ఫోను చేశాడు. బడి దగ్గర కొమ్మలు నరికిస్తున్నారని విని చూడ్డానికి వెళ్లాడట. రంపంతో మొదలు కోస్తుంటే అక్కడున్న పాతవాళ్లందరూ కలిసి తొర్రలోకి తొంగిచూశారట. ‘లేదురా, ముప్పై ఒకటోది ఇప్పుడు కూడా దొరకలేదు’ అని పడీపడీ నవ్వాడు. వాడితోపాటు నేనూ నవ్వి, చెట్టు ఏ వైపు పడిందని అడిగాను.